గడప దగ్గరి సమాధానం

కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో మునంబం అనే సముద్రతీర గ్రామం ఉంది. రెండేళ్ల క్రితం ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ ఆ పేరు తెలిసిన విశ్వాసులు ఎంతమంది ఉండేవారు? ఇప్పుడు ఆ పేరు మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అక్కడ సుమారు 600 కుటుంబాలు, వారిలో ఎక్కువమంది లాటిన్ కతోలికులు, 404 ఎకరాల భూమి విషయంలో వక్ఫ్ బోర్డుతో తగవులో ఉన్నారు. 2019లో ఆ భూమిని వక్ఫ్ ఆస్తిగా నమోదు చేశారు. అప్పటి నుంచి తమ ఇళ్ల స్థలాల మీద తమకు హక్కు ఉందో లేదో తెలియక ఆ కుటుంబాలు నలిగిపోతున్నాయి.

ఇది నిజమైన కష్టం. డబ్బు పెట్టి కొనుక్కున్న నేల తమది కాదేమోనన్న భయంతో బ్రతికేవారి కోసం ప్రార్థించడం మన బాధ్యత. అయితే ఆ వార్త మన ఫోన్లకు చేరేసరికి దాని రూపం మారిపోతోంది. వాళ్లు మన భూములు లాక్కుంటున్నారు, రేపు మీ ఊరి చర్చి స్థలం కూడా పోతుంది, మేలుకోండి అని రాసి పంపుతున్నారు. యౌవనస్తుల కూడికల్లో ఇదే ప్రశ్నగా వస్తోంది. ప్రక్క వీధిలోని మస్తాన్ భాయ్‌ని చూసే చూపు కూడా దానితో మారుతోంది. మస్తాన్ భాయ్‌కి మునంబం ఎక్కడుందో తెలియదు.

తెలిసిన సంగతులు మాట్లాడుకుందాం. వక్ఫ్ సవరణ చట్టానికి 2025 ఏప్రిల్ 5న రాష్ట్రపతి ఆమోదం లభించింది. మునంబం ప్రజల కష్టాన్ని చూపి కేరళ కతోలిక బిషప్పుల మండలి ఆ సవరణను సమర్థించింది. ముస్లిం సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. సెప్టెంబరు 15న కోర్టు చట్టం మొత్తాన్ని ఆపకుండా, కొన్ని నిబంధనలను మాత్రం నిలిపివేసింది. ఇక ఫోన్లలో రాని సంగతి ఒకటుంది. 2024 నవంబరులో ఇండియన్ యూనియన్ ముస్లిం లీగ్ కేరళ అధ్యక్షుడు సాదిక్ అలీ శిహాబ్ తంగళ్ స్వయంగా వరాపుళ ఆర్చిబిషప్పు నివాసానికి వెళ్లి కతోలిక బిషప్పులతో కూర్చుని మాట్లాడారు. మునంబం కుటుంబాలను ఖాళీ చేయించకూడదనే ఆ పార్టీ కూడా చెప్పింది. ఆ వార్తను మన గ్రూపుల్లో ఎంతమంది పంచుకున్నారు?

మునంబం తగవును కోర్టులు, అక్కడి పెద్దలు చూసుకుంటారు. మన ముందున్న ప్రశ్న వేరు. ఆ తగవును ఉదయగిరికి, ఆత్మకూరుకు అరువు తెచ్చుకోవాలా? మన పెద్దలు చేతికిచ్చి వెళ్లిన సమాధానాన్ని నిలబెట్టుకోవాలా? ఈ మెట్ట మండలాల్లో క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య ఉన్న సమాధానం ఏ సభలోనూ తీర్మానించినది కాదు. అది ఇంటి గడపల దగ్గర, పలకరింపుల్లో, పంపుకున్న పళ్లేల్లో, మోసిన పాడెల్లో తయారైంది. దాన్ని ఎవరూ కాపాడక్కర్లేదు, దానంతటదే ఉంటుంది అనుకుంటే పోగొట్టుకుంటామని మా నమ్మకం.

మన నేలను ఒకసారి చూడండి. ఉదయగిరి దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. తరువాత అది గోల్కొండ సుల్తానులకు, ఆర్కాటు నవాబులకు, చివరికి కంపెనీ దొరలకు చిక్కింది. కొండ మీద మసీదు, కింద రంగనాయకుల ఆలయం నేటికీ కనిపిస్తాయి. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో ప్రారంభించిన అమెరికన్ బాప్టిస్టు మిషను ఆ శతాబ్దం ముగిసేలోగా ఉదయగిరికీ ఆత్మకూరుకూ చేరింది. రాజులు, నవాబులు, దొరలు అందరూ వెళ్లిపోయారు. మిగిలినది కూలికి వెళ్లేవారు, మేకలు కాచేవారు, చిన్న దుకాణం పెట్టుకున్నవారు. క్రైస్తవులైనా ముస్లింలైనా ఈ మెట్టలో ఎక్కువమంది బ్రతుకు ఒకటే. వాన రాకపోతే ఇద్దరి పొలమూ ఎండుతుంది. ఇద్దరి ఆడబిడ్డలూ కువైట్‌కు ఇంటిపనికి వెళ్తారు. ఉదయగిరిలో దూదేకుల స్త్రీలు కొయ్యతో చెక్కే గరిటెలకు, స్పూన్లకు ఈ రోజు దేశమంతటా పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ గరిటెలు మన అమ్మల వంటగదుల్లో పేరు రాకముందు నుంచే ఉన్నాయి.

ఈ సహజీవనంలో రెండు రకాల సంప్రదాయాలు ఉన్నాయి. రెంటినీ కలిపి మాట్లాడడం వల్ల మన సంఘాల్లో చాలా గందరగోళం పుడుతోంది. మొదటిది దర్గా దగ్గర కలిసే సంప్రదాయం. రెండవది గడప దగ్గర కలిసే సంప్రదాయం.

మొదటిదాని గురించి పత్రికలు ఎక్కువగా రాస్తాయి. ఆత్మకూరుకు దగ్గరలోని అనుమసముద్రంపేటలో ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది. మనసు చెదిరినవారిని, జబ్బుతో విసిగిపోయినవారిని మతభేదం లేకుండా అక్కడికి తీసుకువస్తారు. కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగను 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని చెరువులో నిలబడి మార్చుకుంటారు. పల్లెల్లో పీర్ల పండుగ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన కుటుంబాల్లోనే తాతల, అవ్వల పేర్లు తిరగేస్తే మస్తానయ్య, మస్తానమ్మ, పీరమ్మ, దస్తగిరి కనబడతారు. ఆ పేర్లు ఏ మొక్కుబడి వల్ల వచ్చాయో అందరికీ తెలుసు.

సంఘం ఈ మొక్కుబడులను ఒప్పుకోదు. మన ప్రార్థన వినడానికి తండ్రియైన దేవుడు, మన పక్షాన విజ్ఞాపన చేయడానికి క్రీస్తు ప్రభువు ఉండగా, చనిపోయినవారి సమాధి దగ్గర వరం అడగడం మన విశ్వాసానికి సరిపడదు. ఈ మాట మేము సంకోచం లేకుండా చెబుతాము. అయితే ఇదే మాటను మసీదులోని పెద్దలు చాలామంది చెబుతున్నారని మనవారికి తెలియదు. అల్లాహ్‌ను తప్ప వేరెవరినీ అడగకూడదని, పీర్ల పండుగ తమ మతంలోనిది కాదని బోధించే ముస్లిం పెద్దలు మన పట్టణాల్లో కూడా ఉన్నారు. అంటే దర్గా దగ్గరి కలయిక రెండు వైపుల నుంచీ పలుచబడుతోంది. అటు వెళ్లడం మానేసిన క్రైస్తవుడూ, అటు వెళ్లడం మానేసిన ముస్లిమూ ఇద్దరూ తమ తమ మనస్సాక్షి కారణంగానే మానేశారు. ఇది శత్రుత్వం కాదు. కానీ సమాధానమంతా ఆ ఒక్క వంతెన మీదే నిలబడి ఉందని అనుకుంటే, ఆ వంతెన బలహీనపడుతున్న కొద్దీ మనం విడిపోతాము.

అందుకే రెండవ సంప్రదాయం మీద మనసు పెట్టాలి. అది గడప దగ్గరిది. రంజాన్ పండుగనాడు ప్రక్కింటి బీబమ్మ సేమ్యా పంపుతుంది. ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మన అమ్మలు చక్కెరో బెల్లమో వేసి పంపుతారు. క్రిస్మస్‌కు అరిసెలు, కజ్జికాయలు ఆ ఇంటికి వెళ్తాయి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు గనుక ఇరుగుపొరుగు అన్నం వండి తెస్తారు, ఏ మతమని అడగరు. మనవారి భూస్థాపనకు టోపీ పెట్టుకున్న పెద్దలు వచ్చి చివరి వరకు నిలబడతారు. ఖబరస్తాన్ దాకా మనవారు వెంట నడుస్తారు. పిలుపుల్లో మామా, అత్తా, అన్నా, చిన్నాయనా అనే వరుసలు ఉన్నాయి. ఒకసారి మామా అని పిలిచిన వ్యక్తి మీద చెయ్యి ఎత్తడం తేలిక కాదు. ఈ ఆచారాల్లో ఎక్కడా మొక్కు లేదు, ఆరాధన లేదు. విశ్వాసాన్ని వదులుకోమని ఎవరూ ఎవరినీ అడగరు.

ఈ గడప సంప్రదాయానికి వాక్యంలో ఆధారం ఉందా? లూకా సువార్త 10వ అధ్యాయం చదవండి. ప్రభువు డెబ్బదిమందిని పంపుతూ, ఏ ఇంట ప్రవేశించినా ముందు ఆ ఇంటికి సమాధానం పలకమని చెప్పారు. ఆ తరువాత వారు పెట్టినది తిని త్రాగమన్నారు. ఇంటింటికీ మారవద్దన్నారు. బోధ కంటే ముందు సమాధానం, సమాధానం వెంట భోజనం. ఇది ప్రభువు నియమించిన వరుస. మనం సమాధానం అంటాము, వారు సలాం అంటారు. వారి సలాం, పాత నిబంధనలోని షాలోం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. గడప దగ్గర పలకవలసిన మొదటి మాట ఇద్దరికీ ఒకటే.

ఇక్కడ ప్రతి సంవత్సరం కాపరులకు ఎదురయ్యే ప్రశ్నకు జవాబు చెప్పాలి. బక్రీదుకు ముస్లిం పొరుగువారు పంపిన మాంసం విశ్వాసి తినవచ్చా? కొందరు తినకూడదని కచ్చితంగా చెబుతున్నారు. కొందరు తీసుకుని, వెనుక వీధిలో పారవేస్తున్నారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ, 10వ అధ్యాయాల్లో ఈ సంగతిని తేటగా విడమరిచాడు. కటికవాని అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తినవచ్చని, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించినది తినవచ్చని చెప్పాడు. విగ్రహానికి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. బక్రీదు బలి విగ్రహానికి అర్పించేది కాదు. అబ్రాహాము విధేయతను జ్ఞాపకం చేసుకుంటూ దేవుని పేరట చేసేది. ఆ కుమారుడు ఇష్మాయేలు అని వారిలో ఎక్కువమంది నమ్ముతారు, ఇస్సాకు అని మన బైబిలు చెబుతుంది. బలి విషయంలో మనకు కల్వరి ఒక్కటే చాలు. ఈ తేడాలు చిన్నవి కావు. అయినా ఆ మాంసం పొరుగువారికీ బీదలకూ పంచిన వాటాలో నుంచి మన ఇంటికి వచ్చింది. తినేవాడు కృతజ్ఞతతో తినవచ్చు. మనస్సాక్షి ఒప్పుకోనివాడు మానుకోవచ్చు. పారవేయడం మాత్రం ఈ రెండింటిలో దేనికీ చెందదు. మాకు మాంసం వద్దమ్మా, కొంచెం పాయసం ఇవ్వు అని చెప్పగలిగే చనువు పొరుగువారితో ఉన్నవానికి అసలు ఈ ప్రశ్న చిక్కుగా ఉండదు.

పాత మర్యాదలన్నీ మంచివేనని మేము అనము. దళితవాడ నుంచి వచ్చిన క్రైస్తవునికి వేరే గ్లాసు పెట్టిన ఇళ్లు అన్ని వీధుల్లోనూ ఉండేవి. దూదేకులవారిని ఎగతాళి చేసే సామెతలు మనవారి నోళ్లలోనూ నానాయి. పళ్లేలు పంపే పని అంతా స్త్రీలది, పేరు మాత్రం పెద్దమనుషులది. ఇలాంటి వాటిని సంప్రదాయం పేరుతో కాపాడనక్కర్లేదు. వేరే గ్లాసు పోవాలి, పళ్లెం ఉండాలి. క్రీస్తులో కొత్త సృష్టియైనవారు తమ ఊరి ఆచారాలను కూడా వాక్యపు వెలుగులో జల్లెడ పట్టాలి.

మంచి ఆచారం ఉంది కదా, అదే మనలను కాపాడుతుంది అని నిశ్చింతగా ఉండవచ్చా? ఈ విషయంలో దూరదేశపు చరిత్ర ఒకటి మనకు హెచ్చరికగా ఉంది. ఇండోనేసియాలోని అంబోన్ దీవిలోనూ, చుట్టూ ఉన్న మలుకు దీవుల్లోనూ పేలా అనే పురాతన సంప్రదాయం ఉంది. రెండు గ్రామాలు ప్రమాణం చేసి అన్నదమ్ములవుతాయి. వాటిలో ఒకటి క్రైస్తవ గ్రామం, మరొకటి ముస్లిం గ్రామం కావచ్చు. చర్చి కట్టేటప్పుడు ముస్లిం గ్రామం వచ్చి పనిచేస్తుంది, మసీదు కట్టేటప్పుడు క్రైస్తవ గ్రామం వెళ్తుంది. ఈ సంప్రదాయం ఉన్నంతకాలం తమకు మతకలహం రాదని అక్కడివారు గర్వపడేవారు. 1999 జనవరి 19న, రంజాన్ పండుగ రోజు, అంబోన్ పట్టణంలో ఒక బస్సు డ్రైవరుకూ మరొక యువకునికీ మధ్య తగవు వచ్చింది. అది క్రైస్తవ ముస్లిం యుద్ధంగా మారింది. మూడేళ్లలో వేలమంది చనిపోయారు, లక్షలమంది ఇళ్లు విడిచారు. చర్చిలూ మసీదులూ కాలిపోయాయి. 2002 ఫిబ్రవరిలో మలీనో అనే చోట ఒప్పందం కుదిరాక గానీ మంటలు తగ్గలేదు.

పేలా ఎందుకు ఆపలేకపోయింది? పరిశీలించినవారు చెప్పే కారణాలు మనకూ వర్తిస్తాయి. 1979లో ప్రభుత్వం దేశమంతటా గ్రామపాలనను ఒకే మూసలోకి మార్చడంతో ఊరి పెద్దల ఆచార వ్యవస్థ బలహీనపడింది. పట్టణంలో పెరిగిన యువకులకు తమ ఊరి పేలా ఏదో తెలియదు. బయటి దీవుల నుంచి వచ్చి స్థిరపడినవారికి ఆ ప్రమాణంలో చోటే లేదు. ఉద్యోగాలు, పదవుల కోసం పోటీ మతం పేరు పెట్టుకుంది. అంతటి రక్తపాతం తరువాత ఆ గ్రామాలు మళ్లీ కలిసి పేలా ప్రమాణాలను కొత్తగా చేసుకున్నాయి. సమాధానానికి దారి వారికి ఆ పాత ఆచారంలోనే దొరికింది, అయితే దాన్ని ఈసారి తెలిసి, పిల్లలకు నేర్పి పట్టుకున్నారు. 2011 సెప్టెంబరులో అంబోన్‌లో మళ్లీ పుకార్లు లేచాయి. అప్పుడు జాకీ మనుపుట్టి అనే పాస్టరుగారు, ఆయనతో ఉన్న క్రైస్తవ ముస్లిం యువకులు ఒక పని చేశారు. ఫలానా చర్చి కాలిందట, ఫలానా మసీదు కూలిందట అని సందేశం రాగానే ఆ చోటికి వెళ్లి చూసి, నిజం ఏమిటో ఫోటోతో సహా రెండు వైపులకూ పంపారు. వారు తమను సమాధానం కోసం రెచ్చగొట్టేవారమని చెప్పుకున్నారు.

మన దగ్గర ఏమి పలుచబడుతోందో చూద్దాం. పాత ఊళ్లలో వీధులు ఆనుకుని ఉండేవి. కొత్త లేఅవుట్లలో ఎవరి కాలనీ వారిది. ఒకప్పుడు మిషను బడిలో, ప్రభుత్వ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న పిల్లలు ఇప్పుడు వేరువేరు ప్రైవేటు బడుల బస్సులు ఎక్కుతున్నారు. పళ్లెం పంపే అమ్మమ్మ చనిపోతే కోడలికి ప్రక్కింటివారి పేరు తెలియదు. ఎన్నికల సమయంలో ఓటర్లను మతం లెక్కన కట్టలు కట్టేవారు ఊరూరా తిరుగుతారు. మైకుల తగవు ఒకటి. మన కూడిక మైకు, వారి అజాన్ ఒకే సమయానికి వచ్చినప్పుడు, ముందు ఇద్దరు పెద్దలు మాట్లాడుకుని సర్దుకునేవారు. ఇప్పుడు ఎవరో వీడియో తీస్తారు. ఇవేవీ పెద్ద గొడవలు కావు. అంబోన్‌లో మొదలైనది కూడా పెద్ద గొడవ కాదు.

ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు బావులు త్రవ్వినప్పుడు గెరారు కాపరులు ఆ నీళ్లు మావేనని తగవుకు వచ్చారు. ఆయన ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి ముందుకు వెళ్లాడు. రెండవ బావి దగ్గర కూడా అదే జరిగింది. మూడవ బావి దగ్గర తగవు రాలేదు, దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. చివరికి అబీమెలెకు తానే వచ్చి ప్రమాణం చేయమన్నాడు. ఇస్సాకు విందు చేశాడు, కలిసి తిని త్రాగారు, ఉదయాన్నే ఒకరికొకరు ప్రమాణం చేసుకుని సమాధానంగా విడిపోయారు. నీళ్ల కోసం బోరు దగ్గర బిందెలు వరుసపెట్టే మన మెట్ట ఊళ్లకు ఈ అధ్యాయం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. ఇస్సాకు తన దేవుణ్ణి వదులుకోలేదు. ఆ మధ్యలోనే బలిపీఠం కట్టి యెహోవా నామమున ప్రార్థన చేశాడు. విశ్వాసమూ పోలేదు, పొరుగువాడూ పోలేదు. అలాగే 25వ అధ్యాయంలో అబ్రాహామును మక్పేలా గుహలో పాతిపెట్టినప్పుడు ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ ఉన్నారు. తండ్రి పాడె దగ్గర ఆ అన్నదమ్ములు కలిశారు.

ఇలా కలిసిమెలిసి ఉంటే సాక్ష్యం పలచబడుతుందని అడిగేవారికి మా జవాబు ఇది. యేసు దేవుని కుమారుడని, సిలువ మీద మన పాపాల కోసం నిజంగా మరణించి తిరిగి లేచాడని మనం నమ్ముతాము. ముస్లింలు ఈసాను గొప్ప ప్రవక్తగా గౌరవిస్తారు, కానీ ఈ రెండు మాటలూ అంగీకరించరు. ఈ తేడాను దాచిపెట్టి సాధించే సమాధానం నిలబడదు. పేతురు మన నిరీక్షణకు హేతువు అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అయితే సాత్వికంతో, భయంతో చెప్పమన్నాడు. పళ్లెం ఇచ్చిపుచ్చుకునే ఇంట్లో ఆ జవాబు వినే చెవి ఉంటుంది. ఫోన్‌లో తిట్టిన ఇంట్లో ఉండదు. ఈ రెండు మతాల మధ్య అవగాహన కోసం 1930లో లాహోరులో మొదలైన హెన్రీ మార్టిన్ సంస్థ ఈ రోజు హైదరాబాదులో పనిచేస్తోంది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1932లో ఒక పారశీక ముస్లిం కవి బాధను తన బాధగా చేసుకుని పిరదౌసి కావ్యం రాశాడు. పొరుగువాణ్ణి అర్థం చేసుకోవడం తెలుగు క్రైస్తవులకు కొత్త విద్య కాదు.

ఇంకొక సంగతి మరువరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులైన దళితులకే షెడ్యూల్డు కులాల హోదా దక్కింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులూ దళిత ముస్లింలూ ఇంకా బయటే ఉన్నారు. హోదాకు మతంతో ముడి తీసివేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను వేశారు. ఈ దేశం ముందు మన ఇద్దరి అర్జీ ఒకటే కాగితం మీద ఉంది. అర్జీలో పక్కపక్కన సంతకం చేసినవారు వీధిలో ముఖం తిప్పుకోవడం ఎంతవరకు సబబు?

ఇక చేయవలసిన పనులు. డిసెంబరు వస్తోంది. ఈ క్రిస్మస్‌కు ప్రతి కుటుంబం కనీసం ఒక ముస్లిం ఇంటికి పిండివంటలు తీసుకువెళ్లాలని కాపరులు ప్రకటించాలి. పంపించడం కాదు, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆ పిల్లవాడు ఆ ఇంటి పెద్దను ఏ వరుసతో పిలవాలో అక్కడే నేర్చుకోవాలి. కొత్త కాలనీలో ముస్లిం ఇల్లు లేకపోతే పాత వీధికి వెళ్లాలి.

2026లో ఫిబ్రవరి 18న భస్మ బుధవారం. రంజాన్ ఉపవాస మాసం కూడా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. మన శ్రమ దినాలూ వారి రోజాలూ ఆ ఏడాది కలిసి నడుస్తాయి. సాయంత్రం మన కూడికల వేళ, వారి ఇఫ్తార్ వేళ, మైకుల సమయం గురించి ఇప్పుడే మసీదు పెద్దలతో మన సంఘపెద్దలు కూర్చుని మాట్లాడాలి. తగవు వచ్చాక వెళ్లేవారు పోలీసు స్టేషనులో కలుస్తారు. ముందే వెళ్లేవారు టీ తాగుతూ కలుస్తారు.

ప్రతి సంఘంలో ఇద్దరు యౌవనస్తులను, మసీదు వైపు నుంచి ఇద్దరిని ఎంచుకుని, ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉంచాలి. చర్చి గురించో మసీదు గురించో వార్త రాగానే, దాన్ని ముందుకు పంపక మునుపే వారు ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి. నిజం తెలియని సందేశాన్ని పంపడం అబద్ధసాక్ష్యం పలకడమేనని, పది ఆజ్ఞలలో తొమ్మిదవది వేలితో నొక్కే అక్షరాలకు కూడా వర్తిస్తుందని ఆదివారపు బడిలో నేర్పాలి. సంఘపు వాట్సాప్ గ్రూపు నడిపేవారు ఇలాంటి వీడియోలను తొలగించడానికి వెనుకాడకూడదు.

స్త్రీల సమాజాలకు మా ప్రత్యేక మనవి. ఈ సమాధానాన్ని ఇన్ని సంవత్సరాలు నిలబెట్టింది మీరే. ఏ ఇంటికి ఏ పండుగకు ఏమి వెళ్లేదో, ఎవరి కాన్పుకు ఎవరు వచ్చారో, ఎవరి చావుకు ఎవరు అన్నం తెచ్చారో మీకు గుర్తుంది. అది మీ కోడళ్లకు, మనుమరాళ్లకు చెప్పండి. చెప్పకపోతే మీతోనే పోతుంది.

మన వంతు లోటు లేకుండా అందరితో సమాధానంగా బ్రతకమని పౌలు రోమీయులకు రాశాడు. అవతలివారు ఏమి చేస్తారన్నది ఆయన మన లెక్కలో వేయలేదు. మునంబం కుటుంబాలకు దేవుడు న్యాయం చేయును గాక. అక్కడి పెద్దలకు జ్ఞానం ఇచ్చును గాక. ఉదయగిరిలో, ఆత్మకూరులో, వింజమూరులో, అనుమసముద్రంపేటలో ఉన్న మనకు మాత్రం చేయవలసిన పని చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఈ వారం ఒక్క గడపకైనా వెళ్లి, ఆ ఇంటికి సమాధానం పలికి రండి.